సంభావ్యత అంటే అసలు ఏమిటి? సొంతంగా చదువుకోవడానికి పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి

"ప్రాబబిలిటీ లెక్కలు చేయడం వచ్చండీ, కానీ వచ్చిన ఆ సంఖ్యకు అర్థం ఏమిటో తెలియడం లేదు. ఏ పుస్తకం చదవాలి?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. డేటా సైన్స్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పేవాళ్లు, ఇంటర్‌తో లెక్కలు వదిలేసి ఇన్నాళ్లకు మళ్లీ ఆసక్తి పుట్టినవాళ్లు కూడా అడుగుతున్నారు. అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాస్తున్నాను.

ముందు గొడవ ఏమిటో చూడండి. "రేపు వాన పడే అవకాశం 70 శాతం" అన్నారు. రేపు అనేది ఒక్కసారే వస్తుంది. వాన పడుతుంది, లేదా పడదు. మరి ఆ 70 దేని లెక్క? ఇలాంటి రోజుల్లో గతంలో నూటికి 70 సార్లు పడిందనా? చెప్పిన మనిషికి అంత నమ్మకం ఉందనా? చేతిలో ఉన్న ఆధారాలు ఆ మాటను అంతవరకు బలపరుస్తున్నాయనా? లేక ఆ గాలిలో, ఆ మబ్బుల్లోనే వాన వైపు అంత మొగ్గు ఉందనా? ఈ నాలుగు జవాబులకూ నాలుగు పక్షాలున్నాయి. వరుసగా పౌనఃపున్య వాదం, వ్యక్తిగత నమ్మకం వాదం, తార్కిక వాదం, ప్రవృత్తి వాదం అనుకోండి. వీటి మధ్య వాదనే ఈ సబ్జెక్టులో పెద్ద భాగం. ఇక్కడికి ఈ మాత్రం సిద్ధాంతం చాలు.

ఒక మాట ముందే చెప్పాలి. దీనికి "ఇదొక్కటి చదివితే చాలు" అనదగ్గ పుస్తకం లేదు. ప్రతి పక్షంలోనూ గట్టిగా వాదించగలిగినవాళ్లున్నారు కాబట్టి, మొదట ఎవరి పుస్తకం చేతికొస్తే వాళ్లే గెలిచినట్టు అనిపిస్తుంది. అందుకే పుస్తకాల కంటే ముందు వాటిని చదివే వరుసను చూసుకోవాలి. ఈ వ్యాసంలో నేను పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

కావలసినవి

ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2ఎలో ఉండే సంభావ్యత అధ్యాయం స్థాయి లెక్కలు రావాలి. మర్చిపోయి ఉంటే ఆ పాత తెలుగు అకాడమీ పుస్తకమే తీసి ఆ ఒక్క అధ్యాయం చూసుకోండి. ఒక నోటుబుక్కు కావాలి. వారానికి నాలుగైదు గంటలు, అదీ రెండు మూడు సిట్టింగుల్లో, కేటాయించగలగాలి. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి ఒక పేరాను రెండుసార్లు చదివే ఓపిక కూడా ఉండాలి.

మెజర్ థియరీ అక్కర్లేదు. ఫిలాసఫీ డిగ్రీ అక్కర్లేదు. కాల్‌క్యులస్ కూడా మొదటి ఆరు నెలలు దాదాపు అవసరం పడదు. "ముందు లెక్కలన్నీ పూర్తి చేసి తర్వాత ఇటు వస్తాను" అనుకుని ఆగిపోయినవాళ్లే ఎక్కువ. ఆగకండి.

1. మీ ప్రశ్న ఏదో కాగితం మీద రాయండి

నోటుబుక్కు మొదటి పేజీలో రెండు మూడు వాక్యాల్లో రాయండి: మీకు దేని గురించి తెలుసుకోవాలని ఉంది? ఆ సంఖ్యకు అర్థం ఏమిటన్నదా? అనిశ్చితిలో నిర్ణయం ఎలా తీసుకోవాలన్నదా? ప్రయోగాల నుంచి, డేటా నుంచి నిజం ఎంతవరకు రాబట్టవచ్చన్నదా? మూడూ దగ్గరి చుట్టాలే కానీ పుస్తకాలు వేరు. మొదటిదైతే కింద చెప్పిన వరుస యథాతథంగా పాటించండి. రెండోదైతే 3వ మెట్టులో చెప్పబోయే వైస్‌బర్గ్ పుస్తకం దగ్గర ఎక్కువ కాలం ఉండండి. మూడోదైతే 8వ మెట్టు మీకు ముఖ్యం.

అదే పేజీలో వాన ప్రశ్నకు ఇప్పటికి మీ జవాబేమిటో కూడా రాసి తేదీ వేయండి. చివర్లో దీనితో పని ఉంది.

2. లెక్కల్లో ఎక్కడున్నారో చూసుకోండి

ఈ ఒక్క లెక్క చేయండి. వెయ్యి మందిలో 10 మందికి ఒక జబ్బు ఉంది. ఒక పరీక్ష, జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో కూడా 10 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మీకు పాజిటివ్ వచ్చింది. జబ్బు ఉండే సంభావ్యత ఎంత?

జబ్బున్న 10 మందిలో 9 మందికి పాజిటివ్ వస్తుంది. లేని 990 మందిలో 99 మందికి వస్తుంది. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నవాళ్లు 9 మంది. అంటే 12లో ఒక వంతు, 8 శాతం పైచిలుకు.

ఇది సూత్రం లేకుండా ఇలా తలల లెక్కతో చేయగలిగితే మీరు సిద్ధం. 90 శాతం అనుకున్నా కంగారు లేదు, 3వ మెట్టులో మరికాస్త ఎక్కువ సమయం గడపండి. లెక్క వచ్చినవాళ్లు ఇంకొకటి గమనించండి. 12లో ఒకటి అన్నది ఆ 108 మంది గుంపు గురించి చెప్పిన మాట. దాన్ని "మీ" సంభావ్యత అని ఎలా అనగలిగాం? మీ వయసు, మీ కుటుంబంలో ఆ జబ్బు ఉందా లేదా అన్నవి కలిపితే గుంపు మారుతుంది, సంఖ్యా మారుతుంది. ఏ గుంపు సరైనది? రిఫరెన్స్ క్లాస్ సమస్య అంటే ఇదే. ఈ ప్రశ్న మిమ్మల్ని కాసేపు కుదురుగా ఉండనివ్వకపోతే ఈ సబ్జెక్టు మీకు నచ్చుతుంది.

3. మొదటి పుస్తకం: లెక్క, తత్వం రెండూ కలిపి నేర్పేది

నా సలహా ఇయాన్ హ్యాకింగ్ రాసిన "యాన్ ఇంట్రడక్షన్ టు ప్రాబబిలిటీ అండ్ ఇండక్టివ్ లాజిక్", కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, 2001. అధ్యాయాలు చిన్నవి, భాష తేలిక. మొదలు పెట్టగానే కొన్ని చిక్కు ప్రశ్నలు ఇచ్చి, మీ సహజ బుద్ధి ఎక్కడ తప్పుతుందో చూపిస్తాడు. ప్రాబబిలిటీని నమ్మకానికి సంబంధించినది, పౌనఃపున్యానికి సంబంధించినది అని రెండుగా విడదీసి, ఏ పక్షానికీ కొమ్ముకాయకుండా రెండింటినీ నేర్పుతాడు. అభ్యాసాలకు జవాబులు వెనక ఉన్నాయి. మాస్టారు లేకుండా చదివేవాళ్లకు ఇంతకంటే కావలసింది లేదు.

డబ్బు పెట్టలేకపోతే, టొరాంటో విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చెప్పే జోనథన్ వైస్‌బర్గ్ రాసిన "ఆడ్స్ అండ్ ఎండ్స్" ఉంది. రచయితే ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. బొమ్మలతో వివరిస్తుంది, నిర్ణయ సిద్ధాంతం భాగం బాగుంటుంది. ఫోన్‌లో కంటే కంప్యూటర్ మీద చదివితే నయం.

మూడో దారి బ్రయన్ స్కిర్మ్స్ "చాయిస్ అండ్ చాన్స్". తర్కం అలవాటున్నవాళ్లకు ఇది ఎక్కువ నచ్చుతుంది, చూసినవాటిని బట్టి చూడనివాటి గురించి చెప్పడం ఎంతవరకు సబబు అన్న ఇండక్షన్ సమస్య మీద లోతుగా వెళ్తుంది. జాగ్రత్త: ఇదే పేరుతో 19వ శతాబ్దంలో విట్‌వర్త్ అనే ఆయన రాసిన లెక్కల పుస్తకం ఒకటుంది. వెతికితే రెండూ వస్తాయి. ఆ రెండోది ప్రస్తారాలు, సంయోగాల లెక్కలది, మనకు పనికిరాదు. హ్యాకింగ్ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఆయన 1975లో రాసిన "ది ఎమర్జెన్స్ ఆఫ్ ప్రాబబిలిటీ" గొప్ప పుస్తకం, కానీ అది చరిత్ర. 1965 నాటి "లాజిక్ ఆఫ్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్" పరిశోధకుల కోసం రాసింది. ఆర్డర్ పెట్టే ముందు పేరు మొత్తం చదవండి.

ఈ మెట్టులో ఒక్కటే నియమం: అభ్యాసాలు వదలకూడదు. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే తెలుస్తుంది.

4. తర్వాత పటం

ఇప్పుడు పక్షాలన్నీ ఒకేచోట కనిపించాలి. స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీలో అలన్ హాయెక్ రాసిన "ఇంటర్‌ప్రెటేషన్స్ ఆఫ్ ప్రాబబిలిటీ" వ్యాసం తెరవండి. ఉచితం, నమ్మదగ్గది, ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటారు. మొదటిసారి సగమే అర్థమవుతుంది, అది మామూలే. అర్థం కాని పదాలకు గీత పెట్టుకుని ముందుకు వెళ్లండి.

తర్వాత డొనాల్డ్ గిలీస్ "ఫిలసాఫికల్ థియరీస్ ఆఫ్ ప్రాబబిలిటీ", రౌట్లెడ్జ్, 2000. ఒక్కో సిద్ధాంతానికి అధ్యాయం కేటాయిస్తూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అలా అన్నారో చెప్తుంది. ఈయన పక్షం తీసుకుంటాడు, దాచడు: ప్రకృతి శాస్త్రాల్లో ఒక రకం ప్రాబబిలిటీ, ఆర్థిక శాస్త్రం లాంటి చోట్ల మరో రకం సరిపోతాయంటాడు. ఆ మాట పుస్తకం చివర్లో వస్తుంది. అక్కడికి చేరేసరికి మీకూ ఒక అభిప్రాయం ఏర్పడి ఉండాలి, ఆయనతో వాదించగలగాలి.

గిలీస్ దొరక్కపోతే టిమొతీ చిల్డర్స్ "ఫిలాసఫీ అండ్ ప్రాబబిలిటీ" 2013, లేదా డారెల్ రోబాటమ్ "ప్రాబబిలిటీ" 2015. రోబాటమ్ పుస్తకం అన్నిటికంటే సులువు, లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లు 3వ మెట్టుకు ముందే దాన్ని చదివినా తప్పులేదు. చరిత్ర మీద మక్కువ ఉంటే మరియా కార్లా గలవొట్టి 2005లో తెచ్చిన పుస్తకం చూడండి. వీటిలో ఒక్కటి చాలు. నాలుగూ కొంటే నాలుగూ సగంలో ఆగిపోతాయి.

5. కొనే ముందు అరగంట పరీక్ష

పై పేర్లన్నీ మర్చిపోయినా ఈ మెట్టు గుర్తుంచుకోండి. ఎవరు ఏ పుస్తకం సిఫారసు చేసినా అది మీకు పనికొస్తుందో లేదో మీరే తేల్చుకోవచ్చు. లైబ్రరీలో అయితే పుస్తకం చేత్తో తిరగేయండి, లేకపోతే ఆన్‌లైన్ ప్రివ్యూలో ముందుమాట, విషయసూచిక, వెనకుండే పద సూచిక చూడండి.

మొదట ముందుమాట. రచయిత తనది ఏ పక్షమో చెప్పాడా? పక్షం ఉండటం తప్పు కాదు, చెప్పకపోవడమే ఇబ్బంది. "ప్రాబబిలిటీ అంటే ఇదే" అని మొదటి పేజీలోనే తేల్చేసి, వేరే అభిప్రాయాలున్నాయన్న ఊసే ఎత్తకపోతే ఆ పుస్తకాన్ని మొదటి పుస్తకంగా తీసుకోకండి.

తర్వాత పద సూచికలో బెర్ట్రాండ్ పేరు వెతకండి. ఫ్రెంచ్ గణితవేత్త జోసెఫ్ బెర్ట్రాండ్ 1889లో వేసిన చిక్కు ఇది. ఒక వృత్తం గీసి, లోపల మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం గీయండి. ఇప్పుడు వృత్తంలో ఒక జ్యాను యాదృచ్ఛికంగా గీస్తే, అది త్రిభుజం భుజం కంటే పొడవుగా ఉండే సంభావ్యత ఎంత? జ్యా రెండు కొసలనూ వృత్తం అంచు మీద యాదృచ్ఛికంగా ఎంచుకుంటే జవాబు 3లో 1 వస్తుంది. ఒక వ్యాసార్ధం మీద యాదృచ్ఛికంగా ఒక బిందువు తీసుకుని దాని గుండా లంబంగా జ్యా గీస్తే 2లో 1. జ్యా మధ్యబిందువు వృత్తం లోపల ఎక్కడైనా పడవచ్చు అనుకుంటే 4లో 1. లెక్క మూడింటిలోనూ సరైనదే. "ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు, కాబట్టి అన్నీ సమానం" అన్న సూత్రం, దేన్ని సమానంగా చూడాలో మాత్రం చెప్పలేదు.

మంచి పుస్తకం ఈ మూడు జవాబులూ చూపించి, ఇది ఏ పక్షానికి దెబ్బో, ఆ పక్షం ఏమని బదులిచ్చిందో చెప్తుంది. మూడూ చూపించి "చూశారా, ఎంత విచిత్రమో" అని వదిలేసే పుస్తకం కాలక్షేపానిది. ఒక్క జవాబే సరైనదని గట్టిగా చెప్పే పుస్తకమైతే, అది ఏ అదనపు షరతు పెట్టి ఆ జవాబు తెచ్చిందో చూడండి. భౌతిక శాస్త్రవేత్త ఇ.టి. జేన్స్ 1973లో అలాగే వాదించి 2లో 1 అన్నాడు. ఆయన వాదన చదవదగ్గదే, కానీ దాంతో అందరూ ఏకీభవించలేదు.

మూడోది డచ్ బుక్, అంటే ఏది జరిగినా నష్టమే వచ్చేలా కుదిరిన పందేల జత. వ్యక్తిగత నమ్మకం వాదానికి ఇది వెన్నెముక. ఒక జట్టు గెలుస్తుందన్న నమ్మకం మీకు 60 శాతం, గెలవదన్న నమ్మకమూ 60 శాతం అనుకుందాం. గెలిస్తే 100 రూపాయలిచ్చే టికెట్టును మీరు 60కి కొంటారు, గెలవకపోతే 100 ఇచ్చే టికెట్టునూ 60కే కొంటారు. పెట్టింది 120. ఏది జరిగినా చేతికొచ్చేది 100. ఆట మొదలవకముందే 20 పోయాయి. కాబట్టి నమ్మకాలు ప్రాబబిలిటీ నియమాలకు లోబడి ఉండాలని వాదన. ఇంతవరకు అన్ని పుస్తకాలూ చెప్తాయి. ఆ తర్వాతి పేజీ చూడండి. "నేను అసలు పందెమే కాయను, అప్పుడేం చేస్తారు?" "డబ్బు పోవడానికీ నా నమ్మకం తప్పు కావడానికీ సంబంధం ఏమిటి?" అన్న అభ్యంతరాలు అక్కడ ఉంటే పుస్తకం నిజాయితీ గలది.

ఇక ప్రవృత్తి వాదం ఉన్న పుస్తకమైతే హంఫ్రీస్ పేరు ఉందో లేదో చూడండి. కారణం నుంచి ఫలితానికి మొగ్గు ఉందంటే అర్థం ఉంది. కానీ ప్రాబబిలిటీ నియమాల ప్రకారం ఫలితం నుంచి వెనక్కి కారణానికి కూడా సంఖ్య రావాలి. జరిగిపోయిన దానికి మొగ్గేమిటి? పాల్ హంఫ్రీస్ ఈ అభ్యంతరాన్ని 1985లో విడిగా ఒక వ్యాసంగా ప్రచురించాడు. అంతకు ముందు వచ్చిన పుస్తకంలో ఇది లేకపోవడం సహజం. తర్వాత వచ్చిన దాంట్లోనూ లేకపోతే అది వెనకబడి ఉన్నట్టే.

చివరగా అభ్యాసాలకు జవాబులున్నాయా, ఏ ఎడిషన్ అన్నది చూసుకోండి. ఈ పరీక్షలో కనీసం మూడు నిలబడితే కొనండి.

6. పుస్తకాలు సంపాదించడం

ముందు ఉచితమైనవి: వైస్‌బర్గ్, హాయెక్ వ్యాసం. పాతవాటిలో చాలావరకు కాపీరైట్ తీరిపోయాయి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకే హక్కులుంటాయి. 7వ మెట్టులో వచ్చే ఇద్దరిలో ఆర్థికవేత్త కీన్స్ 1946లో, రామ్సే 1930లో పోయారు కాబట్టి వాళ్ల రచనలు స్వేచ్ఛగా చదువుకోవచ్చు. కీన్స్ పుస్తకం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉంది. అనువాదాలకు మాత్రం హక్కులు వేరుగా లెక్క పెడతారు, మూల రచయిత తేదీ చూసి నిర్ధారించుకోకండి. పాత పుస్తకాలను మామూలు టెక్స్ట్ రూపంలో దించుకుంటే గుర్తులన్నీ చెదిరిపోతాయి, పేజీ బొమ్మలున్న పీడీఎఫ్ తీసుకోండి.

కొత్తవాటికి, యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి ఆన్‌లైన్ జాబితా ఇండ్‌క్యాట్ చూడండి. ఏ యూనివర్సిటీ లైబ్రరీలో ఏ పుస్తకం ఉందో అందులో వెతకవచ్చు. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మీకు దగ్గరైతే, బయటివాళ్లను లోపల కూర్చుని చదువుకోనిస్తారా, దానికి ఏం కావాలి అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫిలాసఫీ అల్మారాల్లోనే కాదు, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ వైపు కూడా వెతకండి. కీన్స్ పుస్తకం ఎకనామిక్స్‌లో పెట్టేసి ఉండటం ఆశ్చర్యమేం కాదు. అమెరికాలో ఉన్నవాళ్లు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ అడగండి. ఆబిడ్స్ ఆదివారం బజారులో, విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గర పాత లెక్కల పుస్తకాలు దొరుకుతాయి కానీ ఈ తరహావి తగలడం అదృష్టం.

7. మూల రచనలు: ఏ వరుసలో

కాలక్రమంలో లాప్లాస్ నుంచి మొదలు పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అలా వద్దు. ఫ్రాంక్ రామ్సే రాసిన "ట్రూత్ అండ్ ప్రాబబిలిటీ" వ్యాసంతో మొదలు పెట్టండి. 1926లో రాశాడు, 26 ఏళ్లకే చనిపోయాక 1931లో అచ్చయింది. నమ్మకాన్ని పందెంతో కొలవడం ఎలాగో అందులో ఉంది. మొదటి భాగాల్లో పౌనఃపున్య వాదాన్ని చూసుకుని, తర్వాత కీన్స్‌ను ఎదుర్కొంటాడు. రెండు ప్రతిపాదనల మధ్య ఉండే తార్కిక సంబంధమే సంభావ్యత అని కీన్స్ అంటే, అలాంటి సంబంధమేదీ నాకు కనిపించడం లేదని రామ్సే సూటిగా అంటాడు. మధ్యలో కొలత గురించిన భాగం కష్టం. మొదటిసారి దాన్ని దాటేసి, రెండోసారి కాగితం పెన్నుతో కూర్చోండి.

వెంటనే కీన్స్ "ఎ ట్రీటిజ్ ఆన్ ప్రాబబిలిటీ", 1921. ఇది పెద్ద పుస్తకం, మొత్తం చదవక్కర్లేదు. మొదటి నాలుగు అధ్యాయాలు చాలు. 3వ అధ్యాయంలో వాన ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. బారోమీటర్ చూస్తే వాన రాదంటోంది, ఆకాశం చూస్తే మబ్బులు నల్లగా ఉన్నాయి. గొడుగు తీసుకెళ్లాలా వద్దా? ఇలాంటప్పుడు వాన వచ్చే సంభావ్యత రాని దానికంటే ఎక్కువ అని గానీ, తక్కువ అని గానీ, సమానమని గానీ చెప్పనక్కర్లేదంటాడు కీన్స్. అన్ని సంభావ్యతలకూ సంఖ్య ఇవ్వలేం, రెండింటిని పోల్చడం కూడా కుదరని సందర్భాలుంటాయని ఆయన వాదన. ప్రతిదానికీ సంఖ్య ఇచ్చే పనిలో ఉన్నవాళ్లు ఈ కొద్ది పేజీలూ తప్పకుండా చదవాలి. రామ్సే, కీన్స్ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే ఈ సబ్జెక్టులో వాదన ఎలా నడుస్తుందో బాగా అర్థమవుతుంది.

ఆ తర్వాత పౌనఃపున్య వాది రిచర్డ్ ఫాన్ మీజెస్ "ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్". జర్మన్‌లో 1928లో వచ్చింది, ఉపన్యాసాల శైలిలో ఉంటుంది. ఒక్క మనిషి చనిపోయే సంభావ్యత అన్న మాటకు అర్థమే లేదని, పెద్ద సముదాయానికే ప్రాబబిలిటీ వర్తిస్తుందని నిర్మొహమాటంగా చెప్తాడు. 2వ మెట్టులో మీ పాజిటివ్ రిపోర్టు ఆయన చేతికిస్తే ఏమంటాడో ఊహించి రాయండి.

రామ్సే లాగే వ్యక్తిగత నమ్మకం పక్షాన నిలిచిన డి ఫినెట్టి 1937 వ్యాసం ఇంగ్లిష్ అనువాదం కైబర్గ్, స్మోక్లర్ కలిసి కూర్చిన "స్టడీస్ ఇన్ సబ్జెక్టివ్ ప్రాబబిలిటీ" సంకలనంలో ఉంది. కష్టమే కానీ రామ్సే తర్వాత చదివితే దారి తెలుస్తుంది. ప్రవృత్తి వాదం మీద పాపర్ రాసిన 1959 వ్యాసం చిన్నది. లాప్లాస్ 1814 నాటి "ఫిలసాఫికల్ ఎస్సే" మొదటి పేజీలు ఎప్పుడైనా చదువుకోవచ్చు, వీలైతే 1902 నాటి అనువాదం బదులు ఆండ్రూ డేల్ 1995లో చేసినది తీసుకోండి.

8. ఎదుటి పక్షం

మీకు ఎవరు నచ్చారో ఈపాటికి తెలిసిపోతుంది. ఇప్పుడు వాళ్ల మీద వచ్చిన విమర్శల్లో బలమైనది చదవాలి. పౌనఃపున్య వాదం నచ్చితే, దాని మీద హాయెక్ రాసిన రెండు వ్యాసాలున్నాయి, ఒక్కోదాంట్లో పదిహేను అభ్యంతరాలు. కొత్త ఆధారం వచ్చినప్పుడల్లా నమ్మకాన్ని లెక్క ప్రకారం సవరించుకునే బేయిజియన్ పద్ధతి నచ్చి హౌసన్, అర్బాక్ రాసిన "సైంటిఫిక్ రీజనింగ్" చదివితే, దాని పక్కన ఆ పద్ధతిని విమర్శించే డెబొరా మేయో 1996లో రాసిన "ఎర్రర్ అండ్ ది గ్రోత్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ నాలెడ్జ్" పెట్టుకోండి.

స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఒక ప్రత్యేక సూచన. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో పనిచేసిన దేబబ్రత బసు వ్యాసాలను జె.కె. ఘోష్ 1988లో సంకలనంగా తెచ్చారు. అందులో సర్కస్ ఏనుగుల కథ ఉంది. యజమానికి 50 ఏనుగుల మొత్తం బరువు కావాలి. మధ్యరకంగా ఉండే సాంబోను తూచి 50తో గుణిద్దామనుకుంటాడు. స్టాటిస్టీషియన్ ఒప్పుకోడు. సాంబోకు 100లో 99 వంతుల అవకాశం, మిగతా 49 ఏనుగులకు ఒక్కోదానికి 4900లో 1 వంతు చొప్పున ఇచ్చి చీటీ తీస్తారు. సాంబోనే వస్తుంది. వచ్చిన ఏనుగు బరువును దానికిచ్చిన అవకాశంతో భాగించాలన్నది నియమం. ఆ ప్రకారం అంచనా వేస్తే మొత్తం 50 ఏనుగుల బరువు సాంబో బరువుకు 99లో 100 వంతులే అవుతుంది! అదే అన్నిటికంటే పెద్దదైన జంబో వచ్చి ఉంటే, దాని బరువును 4900తో గుణించాల్సి వచ్చేది. పద్ధతి "సగటున సరైనది" అని నిరూపణ ఉంది. కానీ చేతిలో ఉన్న ఈ ఒక్క సందర్భంలో ఆ సగటు ఎవరికి ఉపయోగం? స్టాటిస్టిక్స్ క్లాసులో నేర్చుకున్నదానికీ ఈ తత్వశాస్త్రానికీ ముడి ఎక్కడ పడుతుందో ఈ ఒక్క ఉదాహరణతో తెలిసిపోతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఐఎస్ఐలో ప్రపంచ ప్రసిద్ధుడైన మన సి.ఆర్. రావు గారి "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" 1989లో వచ్చింది. అనిశ్చితమైన జ్ఞానానికి, ఆ అనిశ్చితి ఎంతో తెలియడం తోడైతే, అది వాడుకోదగ్గ జ్ఞానం అవుతుందన్న ఆయన సూత్రం అందులోదే. పక్షాల వాదనలు నేర్పే పుస్తకం కాదది. జీవితమంతా ఈ పనిలో గడిపిన మనిషి ఎలా ఆలోచిస్తాడో చూడటానికి చదవండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కొల్మొగొరోవ్ 1933 పుస్తకంతోనో, ఫెల్లర్‌తోనో మొదలు పెట్టడం. అవి గొప్ప పుస్తకాలు, కానీ నియమాలు ఇచ్చి లెక్క నడిపిస్తాయి. ఆ నియమాలు దేని గురించి అన్నది వాటి పని కాదు.

జేన్స్ "ప్రాబబిలిటీ థియరీ: ది లాజిక్ ఆఫ్ సైన్స్"తో మొదలు పెట్టడం. డేటా సైన్స్ మిత్రులు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటారు. 1998లో ఆయన పోయాక, పూర్తికాని రాతప్రతిని 2003లో అచ్చు వేశారు. మొదటి రెండు అధ్యాయాలు అద్భుతంగా ఉంటాయి. ఎదుటి పక్షాల మీద ఆయన విసుర్లు కూడా ఘాటుగా ఉంటాయి. ఆ పక్షాల మాట ముందు వాళ్ల నోటనే వినకపోతే ఎవరిది తప్పో మీరు తేల్చలేరు. 7వ మెట్టు తర్వాత చదవండి, రెట్టింపు లాభం.

వీడియోలు చూసి చదివినట్టు అనుకోవడం, పీడీఎఫ్‌లు పోగేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి మాత్రం చెప్పాలి. ప్రతి ఇంగ్లిష్ పదానికీ తెలుగు పారిభాషిక పదం వెతుకుతూ కూర్చోకండి. ప్రవృత్తిని ప్రొపెన్సిటీ అనే రాసుకోండి, కానీ దాని వివరణ మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి అరపేజీ తెలుగులో రాయండి: రచయిత ఏమన్నాడు, ఎందుకన్నాడు, దానికి గట్టి అభ్యంతరం ఏమిటి. మూడోది రాయలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ చదవాలి.

బెర్ట్రాండ్ మూడు జవాబులూ ఏమీ చూడకుండా గీసి లెక్క కట్టండి. 4లో 1 వచ్చే పద్ధతి దగ్గర చాలామంది ఆగిపోతారు. మధ్యబిందువు సగం వ్యాసార్ధం ఉన్న చిన్న వృత్తంలో పడాలి, దాని వైశాల్యం పెద్దదాంట్లో నాలుగో వంతు, అంతే.

పేపర్లో వచ్చిన మూడు వార్తలు కత్తిరించండి: ఒక వాతావరణ సూచన, ఒక ఎన్నికల అంచనా, ఒక మందు గురించిన వార్త. ఒక్కోదాంట్లో శాతం ఏ అర్థంలో వాడారో, వేరే అర్థంలో తీసుకుంటే వాక్యం నిలుస్తుందో లేదో రాయండి. ఒకే వార్తలో రెండు అర్థాలు కలిసిపోయి ఉండటం మీకు కనిపించడం మొదలైతే చదువు ఒంటబట్టినట్టే.

ఇక నోటుబుక్కు మొదటి పేజీ. వాన గురించి అప్పుడు రాసిన జవాబు తీసి, ఇప్పుడు నాలుగు పక్షాల తరఫునా ఒక్కో పేరా, ఒక్కో అభ్యంతరం రాయండి. మీ అభిప్రాయం మారక్కర్లేదు. కానీ మీకు నచ్చని పక్షం పేరా మీ సొంత పక్షం పేరా కంటే బలహీనంగా ఉంటే 8వ మెట్టుకు తిరిగి వెళ్లండి. రెండూ సమానంగా నిలబడితే, హాయెక్, హిచ్‌కాక్ సంపాదకత్వంలో 2016లో వచ్చిన "ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ప్రాబబిలిటీ అండ్ ఫిలాసఫీ"ని ఏదైనా లైబ్రరీలో పట్టుకుని, మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ఒక్క అధ్యాయం ఎంచుకుని మొదలు పెట్టండి.